తన దినాలు తనే చేసుకున్నామె

"అవ్వ సచ్చిపోయింది టీచరమ్మా" అని గరిడేపల్లి దిక్కు నుంచి వచ్చిన మనిషి మిర్యాలగూడలో మా ఇంటి గడప ముందు నిలబడి చెబితే, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మళ్లీనా?"

అతను ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరికీ సిగ్గేసింది. అతను తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "ఈసారి నిజంగనే పోయింది. పొద్దుగాల లేవలె. ఆమెతోని నాటేసే సైదమ్మ పోయి లేపితే సల్లగున్నదట" అన్నాడు. నేను సెలవు చీటీ రాసి పక్కింటి టీచరు చేతిలో పెట్టి, అతని వెంట బస్సెక్కాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "సచ్చినోళ్లకు పేరెందుకే? శవం లేసిందా అంటరు గని పేరు వెట్టి అడుగుతరా?" అని ఒకసారి నా మీదే కసిరింది. అప్పటికి ఆమె చచ్చి ఏడేళ్లు. నా ముందు కూర్చొని చుట్ట కాలుస్తోంది.

పొట్టి మనిషి. గోచి పోసి కట్టిన చీర, మోచేతుల దాకా పచ్చబొట్లు, చెవి వెనక సగం కాల్చి ఆర్పిన చుట్ట. చిన్నప్పటి నుంచీ గొర్లమంద వెంట తిరిగిన గొంతు కాబట్టి మనుషులతోనూ మందను అదిలించినట్టే మాట్లాడేది. గుసగుసలాడడం ఆమెకు చేతకాదు. ఎవరైనా నీతులు చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపేది కాదు. చివరిదాకా వినేది. విని, రెండు అరచేతులూ చప్పుడయ్యేలా ఒక్కసారి దులుపుకొని, "అయిందా? ఇగ పో" అనేది. ఆ దులుపుడుకు ఊరి పెద్దలు లేచి వెళ్లిపోయారు, ఓట్లడగడానికి వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోయారు, ఒకసారి నేనూ లేచి వెళ్లిపోయాను.

ఆమెను నేను మొదట చూసింది కాశీ బస్సులో. ఎనభైల నడుమ మాట. గరిడేపల్లి బడిలో కొత్తగా చేరాను. ఆ ఏడే మా నాన్న పోయాడు. ఆయనకు నేనొక్కదాన్నే సంతానం. తలకొరివి పెట్టింది మా పెదనాన్న కొడుకు. సూర్యాపేట నుంచి బయల్దేరిన యాత్ర బస్సులో నాన్న అస్థికల మూట అతని మెడలో వేలాడుతోంది. అమ్మా నేనూ వెనక సీట్లో కూర్చున్నాం. మా పక్క సీట్లో ఈమె, కాళ్లు పైకి ముడుచుకొని. నాగపూర్ దాటేదాకా ఒక్క మాట లేదు. దాటాక, గడ్డంతో ఆ మూటను చూపించి అడిగింది.

"ఎవలయి బిడ్డా ఆ బొక్కలు?"

"మా నాన్నవి అవ్వా."

"మరి వాని మెడల ఎందుకున్నయి?"

"మా నాన్నకు మగపిల్లలు లేరు. అందుకని అన్నయ్య..."

"నువ్వు లేవా?"

నేను కిటికీ వైపు తిరిగాను. జవాబు తెలియక కాదు, చెప్పే ధైర్యం లేక. ఆ సిగ్గు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. వదలకపోవడమే మంచిదేమో.

నన్ను చిన్నబుచ్చడానికి అడగలేదామె. తన పుండును తనే గోక్కుంటోందని ఆ సాయంత్రం తెలిసింది. దాబా దగ్గర బస్సాగినప్పుడు గట్టు మీద కూర్చొని తన సంగతి చెప్పింది. మొగుడు పోయి ఏడాది. పిల్లల్లేరు. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలుండేవి. కొడుకు వరసైన వాడంటే మరిది కొడుకు, కోదాడలో ఎరువుల దుకాణం అతనికి. శవం లేచిన రోజు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది అతనే. దింపుడుకల్లం దగ్గర పాడె దించారు. చచ్చిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే చోటది. ఆడవాళ్లు అక్కడిదాకానే రావాలి. అక్కడ అతను నిప్పుకుండను నేల మీద పెట్టి, పదిమంది వినేలా అడిగాడట, పెద్దమ్మా, సగం పొలం నా పేరున రాస్తానని చెప్పు, ఎత్తుకుంటాను అని.

"ఎండ మండుతున్నది. ఈగలు ముసురుతున్నయ్. కుండ దిక్కు సూసిన. ముసలోని మొకం దిక్కు సూసిన. ఇస్త తియ్ అన్న" అంది.

అలా రెండెకరాలు పోయాయి. మిగిలిన రెండింటి మీద ఇప్పుడు అతని కన్ను. ప్రతి పండుగకూ వచ్చి, నీకైనా కొరివి పెట్టేది నేనే కదా అని గుర్తు చేసి పోతాడు. రాయకపోతే కుక్కలు పీక్కుతింటాయని ఒకసారి అననే అన్నాడు.

"కుక్కలకు భయపడ్తలేను బిడ్డా. పొలమిస్తే ఎట్ల బతుకుడు? ఇయ్యకుంటే ఎట్ల సచ్చుడు? గీ రెండిటి నడుమ ఇరుక్కున్న" అంది. చదువుకున్నదాన్ని కదా, తల ఊపాను.

కాశీలో శవాలు కాల్చే ఘాటుకు మా వాళ్లంతా ముక్కులు మూసుకొని వచ్చారు, దండం పెట్టుకొని వెళ్లిపోయారు. ఈమె మాత్రం మెట్టు మీద కూర్చుంటే కదల్లేదు. అమ్మ సత్రంలో పడుకుందని నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. ఒకదాని పక్కన ఒకటి చితులు. రాలిన బంతిపూల దండలు మేకలు నములుతున్నాయి. ఒకడు శవాల మధ్య నుంచి ఛాయ్ కెటిల్ పట్టుకొని తిరుగుతున్నాడు. ఆమె పొయ్యి మీద ఎసరు చూస్తున్నట్టు నిమ్మళంగా చూస్తోంది. గుండు చేయించుకున్న ఒక కొడుకు చుట్టూ తిరిగి నిప్పంటించాడు, కళ్లు తుడుచుకున్నాడు, మెట్లెక్కి తన చుట్టాల్లో కలిసిపోయాడు. ఆ తర్వాత ఒక బక్కపలచటి మనిషి వెదురు కట్టె పట్టుకొని వచ్చాడు. జారిన కట్టెను లోపలికి నెట్టాడు. బయటపడ్డ కాలును లోపలికి సర్దాడు. చల్లారిన చోట ఎగదోశాడు. ఎండ నెత్తి మీద నుంచి వాలిపోయేదాకా ఆ చితి దగ్గర అతనొక్కడే ఉన్నాడు.

"సూసినవా?" అంది ఆమె. "అంటువెట్టినోడు ఛాయ్ తాగవోయిండు. కాలుస్తున్నది గీయన. గీయన ఆ పీనుగుకు ఏమైతడు?"

"ఏమీ కాడు అవ్వా."

"ఏం గానోడే కాలుస్తుంటే, ఆ అంటువెట్టే ఒక్క గడియకు నేనెందుకియ్యాలె రెండెకరాలు?"

అని లేచి, అరచేతులు దులుపుకుంది. ఆ దులుపుడు ఎవరిని పొమ్మనడానికో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున గంగ ఒడ్డున మా బస్సు వాళ్లందరికీ వరసగా పిండప్రదానాలు. మగవాళ్లు ఆకులు ముందు పెట్టుకొని కూర్చున్నారు. మా అన్నయ్య మా నాన్న కోసం కూర్చున్నాడు, నేను వెనక నిలబడ్డాను. వరస చివర ఈమె తడిచీరతో వచ్చి, తనూ ఒక ఆకు వేసుకొని కూర్చుంది. చేయించే ఆయన మన తెలుగాయనే, ముసలాయన, ఆ ఒడ్డునే వెంట్రుకలు నెరిసినవాడు.

"ఎవరికమ్మా?" అన్నాడు.

"నాకే."

"పోయినవాళ్ల పేరు చెప్పాలమ్మా."

"ఎరుకే అయ్యా. నా పేరే రాసుకో."

వరసలో నవ్వులు లేచాయి. ఆయన నవ్వలేదు. "బతికుండగా పెట్టుకోవడం లేకపోలేదు తల్లీ. కానీ అది వెనకా ముందూ ఎవరూ లేనివాళ్లకి. మీకెవరూ లేరా?"

"ఉన్నరు. అందుకే."

"ఒకసారి పెట్టుకున్నాక మీరిక లోకానికి లేనట్టే. పెళ్లిళ్లలో, శుభకార్యాల్లో ముందు నిలబడకూడదు."

"ముండమోసినదాన్ని అయ్యా. ఇప్పుడేమన్న ముందటికి పిలుస్తున్నరా?"

ముసల్దానికి మతి పోయిందని మా అన్నయ్య గొణిగాడు. యాత్ర నడిపించే అతను ప్రయాగకు ఆలస్యమవుతోందని అరిచాడు. పెద్దాయన ఎవర్నీ పట్టించుకోలేదు. నాట్లేసి నాట్లేసి వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయిన ఆమె చేతులను కాసేపు చూశాడు. "దక్షిణం చూసి సరిగ్గా కూర్చోండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను ఈ రోజుకూ దండం పెడతాను.

మంత్రం మొదలుపెట్టి, పోయిన మనిషిని తలుచుకోమన్నాడు. ఆమె చేతిలో ఉన్న ముద్ద ఆకులో పెట్టేసింది. "జరాగు అయ్యా. ఏడ్వకుండ ఎట్ల వెడ్తరు? మా దిక్కు గట్ల లేదు. ఎవలన్న ఏడ్వాలె గద" అంది. అని, కొంగు మొహం మీదికి లాక్కొని, గంగ ఒడ్డున తన మీద తనే శోకం ఎత్తుకుంది.

"ఓ నా పిల్లో... గొర్రెపిల్లను సంకల వెట్టుకొని వాగు దాటినదానివో... నలుగురి కంటే ముందు మడి దాటినదానివో... కడుపు పండకపాయెనే నా తల్లో... ముసలోనికి మూడేండ్లు ముంతల గంజి తాపినదానివో... నీకు తాపేటోళ్లు లేకపోయిరే... నిన్ను బువ్వ తిన్నవా అని అడిగినోడు లేడే, నీ పొలమడిగినోళ్లే గద నా బిడ్డో..."

మొదట నవ్వినవాళ్లు ఆగిపోయారు. తర్వాత బస్సులో వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె చుట్టూ కూలబడ్డారు. మా అమ్మ ఏడ్చింది. మా నాన్న పోయినప్పుడు రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది. శోకం అయ్యాక ఆమె ముక్కు చీది, కొంగుతో తుడుచుకొని, "ఆఁ, ఇగ సదువు" అంది. ఆయన చదివాడు. పిండాలు నీళ్లలో వదిలి, మునిగి లేచి, "అయిపాయె. సచ్చిన" అని గట్టుకొచ్చి చుట్ట ముట్టించింది.

ఊరికొచ్చాక ఊరకుంటుందా? పొట్టేలు కోయించి ఊరందరికీ తన దినాలు పెట్టింది. విస్తరిలో మాంసం, గారెలు, కల్లు, చుట్ట, అన్నీ తనకిష్టమైనవే పెట్టి గోడ మీద ఉంచింది. మా దిక్కు కాకి వచ్చి ముట్టకపోతే చచ్చినవాళ్ల కోరిక తీరలేదంటారు. రెండు నిమిషాల్లో కాకి మాంసం ముక్క ఎత్తుకుపోయింది. "సూసిన్రా? నాకు కోరికలేం లేవు. ఎవ్వనికి మొక్కేది లేదు" అంది. కాకి వదిలేసిన చుట్ట తీసి తనే కాల్చింది.

కోదాడ నుంచి మరిది కొడుకు మోటారు సైకిలేసుకొని వచ్చాడు. "ఏంటి పెద్దమ్మా ఇది? బతికుండగా దినాలేంటి? అక్కడ దుకాణంలో జనం నా మొహం మీదే నవ్వుతున్నారు" అన్నాడు.

"ఎవర్రా నువ్వు? సచ్చినోళ్లతోటి మాట్లాడుతున్నవ్, జడుసుకుంటవ్ బిడ్డా" అంది. విస్తరి వేసి కడుపునిండా పెట్టింది. తిని లేవగానే అరచేతులు దులిపింది.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆమె చచ్చి బతికింది. చచ్చిన మనిషికి ఎన్ని సౌకర్యాలున్నాయో ఆమెను చూసే నేర్చుకున్నాను. పెళ్లిళ్లలో పందిరి ముందు వరసలో కూర్చునేది. ఎవరైనా మొహం చిట్లిస్తే, "ముండమోసినామె ముందటుంటే కీడు. నేను పెద్దలల్ల కలిసినదాన్ని. పెద్దలు ముందటుంటే దీవెన" అనేది. దానికి ఎదురు శాస్త్రం ఎవరి దగ్గరా లేకపోయింది. ఓట్లప్పుడు పొద్దున్నే వరసలో నిలబడి, "ఊరంతటి సచ్చినోళ్ల ఓట్లు ఎవలెవలో ఏస్తరు. నాది నేనే ఏసుకుంట" అనేది.

అన్నిటికీ మించింది పెత్రమాస. బతుకమ్మ పండుగ మొదలయ్యే ఆ అమావాస్య నాడు ఇంటింటా చనిపోయిన పెద్దల పేరున వండి పెడతారు. ఆ రోజు ఈమె తలంటుకొని, కోదాడ బస్సెక్కి, మరిది కొడుకు ఇంటి అరుగు మీద కూర్చునేది. "పెద్దలకు పెడ్తున్నవా లేదా కొడుకా? వచ్చి కూసున్న, పెట్టు" అని వీధి వీధంతా వినేలా పిలిచేది. మొదటేడు అతను తిట్టాడు. వాకిట్లో జనం పోగయ్యేసరికి కోడలే విస్తరి వేసింది. రెండో ఏటి నుంచి అతను ఆ పూట దుకాణం నుంచి ఇంటికి రావడమే మానేశాడు.

ఇంత గడుసు మనిషికి భయం లేదనుకున్నాను. చివరి రోజుల్లో ఒకసారి జ్వరమొచ్చి, నేను బదిలీ మీద ఉంటున్న మిర్యాలగూడలో దవాఖానలో పడితే పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఒకటడుగుత. ఆనాడు గంగొడ్డున ఆ అయ్య మంత్రం మొత్తం సదివిండా? బస్సోడు తొందర వెడుతుండె గద. నడుమల ఇడిసిపెట్టలేదు గద?"

"మొత్తం చదివాడు అవ్వా. నేను విన్నాను" అన్నాను. నాకు సంస్కృతం ఒక్క ముక్క రాదు. ఆమెకు అది తెలుసో లేదో, కళ్లు మూసుకుంది. అన్నేళ్లూ ఊరందరి ముందు అరచేతులు దులిపిన మనిషి లోపల ఆ భయాన్ని ఎంత మోసిందో అప్పుడు తెలిసింది. భయం లేక కాదు, భయపడుతూనే ఆమె లొంగలేదు. అందుకే నాకామె అంటే అంత గౌరవం.

జ్వరం తగ్గాక, ఆమె పోవడానికి ముందు ఎండాకాలంలో, నన్ను హుజూర్‌నగర్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు సాక్షిగా తీసుకెళ్లింది. రెండెకరాలూ సైదమ్మ పేరున రాయించింది. సైదమ్మ పక్క లంబాడీ తండా మనిషి, ఇరవై ఏళ్లుగా ఆమెతో కలిసి ఆ మడిలోనే వంగి లేచిన మనిషి. "ఈమె నీకేమైతది?" అని గుమస్తా అడిగితే, "ఏం గాదు. నాతోని నాటేస్తది" అంది. అతను వరస రాయాల్సిన చోట గీత గీసి వదిలేశాడు.

బయటికొచ్చాక నాతో ఒక మాట చెప్పింది. "నేను పోయిన్నాడు వాడొస్తడు. నిప్పు వెట్టకముందే ఈ సంగతి వానికి జెప్పు. పెట్టినంక జెప్తే మోసమైతది. మోసంతోటి కాలుడు నాకొద్దు."

కబురొచ్చిన రోజు నేను బస్సు దిగి ఊరికి చేరేసరికి పాడె కట్టి ఉంది. మరిది కొడుకు జీపులో వచ్చి, తెల్లపంచె కట్టుకొని, నిప్పుకుండ పట్టుకొని ముందు నిలబడ్డాడు. ఇంటి దగ్గర అతన్ని పక్కకు పిలిచాను. "తర్వాత మాట్లాడదాం మేడం" అన్నాడు. డప్పులు మోగాయి. దింపుడుకల్లం దగ్గర పాడె దించారు. అదే చోటు. మూడుసార్లు పిలిచారు. పలికే అవ్వే అయితే ఏం తిట్టేదో. ఇప్పుడు చెప్పకపోతే మళ్లీ బస్సు కిటికీ వైపు తిరిగిన ఆ పిల్లనే అవుతానని అనిపించింది.

"ఒక్క మాట వినుండ్రి" అన్నాను. "అవ్వ రెండెకరాలు సైదమ్మ పేరున రిజిస్ట్రీ అయినయి. సాక్షి సంతకం నాది. నిప్పు పెట్టకముందే మీకు చెప్పమన్నది."

అతను నా వైపు చూశాడు, సైదమ్మ వైపు చూశాడు. కుండను మెల్లగా నేల మీద పెట్టాడు. "అయితే ఆ తండా దాన్నే పెట్టుకోమనండి" అని పంచె మడిచి కట్టుకొని, తల వంచుకొని వెళ్లిపోయాడు. జీపు చప్పుడు దూరమైంది. ఎండకు కుండలో నిప్పు మీద బూడిద తెల్లగా పేరుకుంటోంది.

సైదమ్మ ఏడుస్తూ కుండ కోసం వంగింది. నేను ఆమె రెక్క పట్టుకున్నాను.

"నువ్వొద్దు సైదమ్మా."

"ఎందుకు మేడం? నాకు అమ్మ లెక్క."

"నువ్వు పెడితే పొలానికి పెట్టినవంటరు. మళ్ల అదే బేరమైతది. ఆమె బతుకంతా దాని మీదనే కొట్లాడింది."

పెద్దమనిషి ఒకాయన విసుక్కున్నాడు. "మరి ఎవలు వెడ్తరమ్మా? పీనుగను గిట్లనే ఎండల పెడ్తమా?"

"నేను పెడ్త."

"నువ్వామెకు ఏమైతవ్?"

"ఏం కాను. మా కులం కాదు, చుట్టం కాదు. ఆమె పొలంల నాకు గుంట జాగా రాదు. అందుకే నేను పెడ్త."

ఆడవాళ్లు ఇక్కణ్ణుంచి ముందుకు రావొద్దని ఎవరో అన్నారు. దారి ఇడువుండ్రి అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. కుండ ఎత్తుకున్నాను. అరచేతులు చురచుర కాలాయి. బూడిద ఊదితే లోపల నిప్పు ఎర్రగా ఉంది. ముందు నేను, నా వెనక పాడె, దాని వెనక సైదమ్మ, ఆమె వెనక మడుల్లోంచి వచ్చిన ఆడవాళ్లు. చితి చుట్టూ తిరిగి తల దగ్గర అంటించాను. మంట లేచింది.

"ఇగ ఎనక్కి సూడకుండ ఇంటికి నడువాలె మేడం. అది పద్ధతి" అన్నాడు పెద్దమనిషి.

అందరూ వెళ్లారు. నేను ఎక్కడికీ పోలేదు. వెదురు కట్టె ఒకటి తీసుకొని, జారిన కట్టెను లోపలికి నెట్టాను.